బదులు వంతు

సుంకమ్మ అని ఒకాయమ్మ ఉండాది, కుళ్లాయప్ప పెండ్లాము. కుళ్లాయప్ప ఇప్పుడు లేడు. ఆయప్ప ఎట్ల పోయినాడో సెప్తేనే ఈ కత నడుస్తాది, లేకుంటే నడవదు. ఏమైందంటే, వాళ్లు ముగ్గురన్నదమ్ములు. పెద్దోడు నారప్ప, నడిపోడు ఒకడు, సిన్నోడు కుళ్లాయప్ప. నడిపోని పేరు ఇప్పుడొద్దులే, పేరు సెప్పుకునేంత పని వాడేమీ సేయల్యా. ఏమక్కా తిప్పక్కా, నవ్వుతావేంటికి, సెనక్కాయలు ఇడిపించు నువ్వు. ఈ రాసుకునే అయ్య దూరం నుంచి వచ్చినాడు, వరసగా సెప్పనీ. ముగ్గురికీ కలిపి ఒకటే బాయి. రాతి కట్టడం, ముప్పై రెండు మెట్లు. వాళ్ల నాయన, ఆయన దాయాదులు కలిసి తవ్వింది, తరవాత దాయాదులు వాళ్ల బాగాలు ఇడిసి పోయినారు. ఆ కాలంలో కపిల తోలేవాళ్లు. కపిల తెలుసునా నాయనా నీకు? రెండెద్దుల్ని కట్టి, తోలు బానతో నీళ్లు తోడేది. పది బానలు పైకొస్తే ఒక గులకరాయి పక్కన పెట్టేది. నీకిన్ని రాళ్లు, నాకిన్ని రాళ్లు. ఆ రాళ్లు ఏసుకునేకి మేకతోలు సంచి ఒకటి ఉండె. రాయి పడిందంటే నీళ్లు పడినట్ల, అందులో ఎవురూ ఎవుర్నీ మోసం సేసేకి లేదు.

తరవాత డీజిలు ఇంజను వచ్చింది. ఇంజను వచ్చినంక రాళ్లు ఎవురికి కావాల? అది పొద్దన తిప్పినా, మొబ్బయినంక తిప్పినా ఒకటే దార పోస్తాది. గడియారం సూసుకుంటే సాలు. అందుకని ఆ ముసలాయన పోయే ముందర కొడుకులు ముగ్గుర్నీ పిలిసి, బాయి గట్టు మీద కర్పూరం వెలిగిచ్చి, ప్రమాణం సేయిచ్చినాడంట. పొద్దన ఎనిమిది నుంచి పన్నెండు దాకా పెద్దోనివి. పన్నెండు నుంచి నాలుగు దాకా నడిపోనివి. నాలుగు నుంచి రాత్రి ఎనిమిది దాకా సిన్నోనివి. ముగ్గురికీ నాలుగేసి గంటలు, ఒకరెక్కువ ఒకరు తక్కువ కాదు. వంతు కాడ మాట తప్పొద్దండ్రా, వంతు కాడ తగువు పడినోళ్లకు నీళ్లూ ఉండవు, అన్నదమ్ములూ ఉండరు అన్నాడంట. అని, ఆ రాళ్ల సంచి పెద్దోని సేతికిచ్చి, దీన్ని పారేయొద్దు అన్నాడంట. ఎందుకు పారేయొద్దో సెప్పలేదు. ముసలోళ్లు అన్నీ సెప్పరు.

ఇంగ మా పక్క ఇంకొకటుండాది, బదులు వంతు అని. ఇది బాగా ఇను నాయనా, కతంతా దీని మీదనే ఉండాది. ఒకని మడి ఎండిపోతాంటే, పక్కోడు తన వంతు వానికిస్తాడు. ఊరికే కాదు. తీసుకున్నోడు మర్సటి దినం పొద్దు మునిగే లోపల తన వంతు వానికి తిరిగియ్యాల. రేపు, ఎల్లుండి అనేదేమీ లేదు. ఇంట్లో పెండ్లి ఉన్నా సరే, సావు ఉన్నా సరే, నీళ్లు మాత్రం బదులియ్యాల్సిందే. బదులియ్యని వాని మడికి బాయి ఎదురు తిరుగుతాదని మా పెద్దోళ్లు అనేవాళ్లు.

అట్ల శానా ఏండ్లు బాగానే జరిగిపోయింది. ఏమైందంటే, రానురాను బాయిలో నీళ్లు కిందికి పోయినాయి. పైన గట్టు మీద పెట్టిన ఇంజనుకు నీళ్లు అందల్యా. అందకపోతే ఏం జేసినారు? ఇంజన్ను మోకులు కట్టి బాయిలోకి దింపి, ఇరవై మెట్ల కింద ఒక రాతి అరుగు ఉండాది, దాని మీద కూచోబెట్టినారు. ఈ దావన పోతే అట్లాంటి బాయిలు ఇంకా నాలుగు కనపడతాయి నీకు. అది పొగ పోస్తాది గదా? గాలి ఉంటే ఆ పొగ పైకి పోతాది. గాలి ఆడని దినం ఏం జేస్తాది? బాయిలోనే కూచుంటాది, కుండలో పెట్టి మూతేసినట్ల. అందరికీ తెలుసు ఆ సంగతి. తెలిసీ అందరూ దిగుతాండ్రి. కడుపు అట్లాంటిది.

ఇంజను తిప్పేది, ఆపేది కుళ్లాయప్పకే బాగొచ్చు. కడాపట వంతు ఆయప్పదే గాబట్టి, ఎనిమిదైతే దిగి ఆపేది గూడా ఆయప్పే. ఒక దినం నారప్ప వరినారు ఎండుతాంది. రెండు దినాలు ఆ ఇంజను మొరాయిచ్చి, నారంతా ఎర్రబడింది. కుళ్లాయప్ప సూసినాడు. అన్నా, నా కనకాంబరాలు ఒక దినం తాళ్తాయి, నీ నారు తాళదు, ఈ పొద్దు నా వంతు నువ్వు కట్టుకో అన్నాడంట. నారప్ప, సరేరా, రేపు నా వంతు నీకు బదులు అన్నాడు. మల్ల నారప్ప ఏమన్నాడంటే, ఎనిమిదైతే ఇంజను నేనే ఆపుకుంటాలే, నువ్వు ఇంటికి పోరా అన్నాడు. దానికి కుళ్లాయప్ప నవ్వి, నీకు పొద్దు మునిగితే మెట్లు కనపడవు గదన్నా, యాడన్నా పడి కాలిరగ్గొట్టుకుంటావు, నేనే ఆపుతాలే అన్నాడంట. ఆ మాట వాళ్లిద్దరి నడమనే జరిగింది. మడి కాడ ఇంకెవురూ లేరు. ఆ పొద్దు గాలి ఆడల్యా.

కుళ్లాయప్ప దిగినాడు. ఇంజను సద్దు ఆగల్యా. నారప్ప మడికాడ నుంచి, ఒరే సిన్నోడా, ఆపరా, నీళ్లు సాలు అని కేకేసినాడు. సద్దు ఆగల్యా. అప్పుడు నారప్ప పరిగెత్తుకుంట వచ్చినాడంట. నడిపోడూ వచ్చినాడు, వాని కళ్లం దగ్గరే గదా. నారప్ప తుండుగుడ్డ తడిపి మూతికి కట్టుకుని, ఆ కనపడని కండ్లతోనే, మెట్టు మెట్టూ తడుముకుంట దిగినాడు. నడిపోడు గట్టు మీదనే నిలబడుకున్నాడంట. కాళ్లు రాలేదంట వానికి. సావంటే బయం ఎవురికి లేదు అంటాడు ఇప్పుడడిగితే. అందరికీ ఉంటాది, కానీ అన్న దిగినాడు గదా. అన్న ఇంజను ఆపి, తమ్మున్ని బుజాన ఏసుకుని, నాలుగు మెట్లకొకసారి కూచుంటూ పైకి తెచ్చినాడు. తెచ్చేతలికే మనిషి లేడు. మగం మీద దెబ్బ లేదు, నెత్తురు లేదు, పండుకున్నట్లే ఉండాడు. సుంకమ్మ వచ్చి సూసి ఏడవల్యా. ఆయప్ప మూతి మీద ఉన్న మసి, కొంగుతో తుడస్తానే ఉండాదంట, తుడస్తానే ఉండాదంట.

ఆ దినంతో ఇంజను సద్దు ఆగిపాయె. ఎవురూ దిగరు. డీజిలు క్యాను అట్లనే కళ్లంలో పడుండె. ఒక పంట పాయె. రెండో పంటకు, ఆఫీసు నుంచి ఒకాయప్ప వచ్చి, సోలారు మోటరు పెట్టుకోండప్పా అన్నాడు. ఎండకు నడుస్తాది, డీజిలొద్దు, మోటరు నీళ్లలోనే యాలాడతాంటాది, మీరు బాయిలోకి దిగే పనే లేదు అని. సుంకమ్మ అప్పుడు అడిగిందంట, పొగ రాదు గదా సారూ? రాదమ్మా. రవ్వంత గూడా రాదా? రాదమ్మా, దీంట్లో మండేదే లేదు. మల్ల మూడోసారి గూడా అడిగింది, పొగ రాదు గదా అని. ఆయప్పకు తెలీదు గదా ఏంటికి అడుగుతాందో. ఎండ పట్టే పలకలు నిలబెట్టేకి తావు కావాల అన్నాడు. నారప్ప తన సేను దిక్కు సూసుకున్నాడు, నడిపోడు తల గోక్కున్నాడు, ఎవురి సేను వాళ్లకు ముద్దు. సుంకమ్మ, నా సేనులో రాతిమూల ఉండాది, ఆడ పెట్టుకోండి అనింది. అట్ల ఆయమ్మ సేనులోనే పలకలు లేసినాయి. పొద్దన్నే లేసి, వాటి మీద దుమ్ము పడుంటాది గదా, తడిగుడ్డతో తుడిసేది గూడా ఆయమ్మే. ఎవురూ సెయ్యమనల్యా. ఆ మసి తుడిసిన సెయ్యి, ఇంగ ఏమి తుడస్తాదో తుడవనీ అనుకున్నారు అందరూ.

మోటరు ఏసిన దినం నీళ్లు ధారగా పడతాంటే ఊరంతా వచ్చి సూసినారు. సద్దు లేదు, పొగ లేదు, నీళ్లు మాత్రం వస్తాండాయి. కానీ ఇంజను వేరు, సోలారు వేరు గదా. ఇంజనుకు పొద్దూ మాపూ తెలీదు. సోలారుకు పొద్దే ప్రాణం. పొద్దన రవ్వంత సన్నగా మొదలై, పది దాటితే బలం పట్టి, మిట్టమద్యాన్నం బాయి తిరగబడినట్ల పోస్తాది. నాలుగు దాటితే సన్నబడి, ఐదున్నరకు సుక్క సుక్క. మల్ల ఇంగ లేదు. వీళ్లేం జేసినారు? ఎనిమిది నుంచి పన్నెండు పెద్దోనికి, పన్నెండు నుంచి నాలుగు నడిపోనికి, నాలుగు నుంచి ఎనిమిది సుంకమ్మకు. ఎండకు గడియారం కట్టినారు. పలకలు ఆయమ్మవి, తుడిసేది ఆయమ్మ, నీళ్లు మాత్రం మిగతావాళ్లవి. నడిపోని మడి నిండి, గెనిం తెగి, దావ మీదికి పారతాండె నీళ్లు. వాడు ఆ నీళ్లలో కాళ్లు కడుక్కునేవాడు. కడుక్కుంట, ఆ పక్క సేనులో కనకాంబరాలు సూడకుండా తల తిప్పుకునేవాడు. నాకు బాగా తెలుసు, తిప్పుకునేవాడు.

కనకాంబరాల తోట ముప్పాతిక ఎకరా. దాని మీదనే ఆయమ్మ ఇద్దరాడపిల్లలు సదువుకుంటాన్నారు. మొదాట కింది ఆకులు రాలినాయి. మల్ల మొగ్గ తోలేది తగ్గింది. ఆయమ్మ పోయి నారప్పనడిగింది. బావా, పొద్దు వాలినంక నా వంతుకు నీళ్లు రావడంల్యా, వంతు రవ్వంత అటూ ఇటూ జరుపుకుందామా అని. నారప్ప ఏమన్నాడంటే, వంతు మార్చేది లేదమ్మా అని, మగం పక్కకు తిప్పుకుని లేసి పోయినాడంట. నడిపోన్ని అడిగింది. వాడు, నాదేముందమ్మా, అన్న మాటే నా మాట అన్నాడు. సూడండి ఎంత మంచోడో. నారప్పకు ఆశ అనుకునేరు మీరు, ఆశ కాదు. ఆయప్ప పన్నెండుకు ఒక నిముసం ముందే తన కాలవ కట్టేసేవాడు. గడియారం పట్టుకుని మోటరు పెట్టె కాడ కూచునేవాడు, ఎవురి వంతూ ఒక నిముసం కదలనిచ్చేవాడు కాదు. దేవుని కాడ గూడా అంత బయం ఉండదు మనిషికి. ఊరోళ్లు ఎవురన్నా, ఏమప్పా, ఆ ఆడమనిషిని సూడు రవ్వంత అంటే, మా నాయన కర్పూరం ముట్టి సెప్పింది అనేవాడు. మంచోడే. మంచోళ్ల మొండితనం ఇంకా కష్టం.

ఇంగ సుంకమ్మ ఎవుర్నీ అడగల్యా. ఒక పొద్దన సంకన బిందె పెట్టుకుని బాయిలోకి దిగడం మొదలు పెట్టింది. ముప్పై రెండు మెట్లు. ఇరవయ్యో మెట్టు కాడ ఆ ఇంజను అట్లనే కూచోనుండాది, తుప్పు పట్టి. దాన్ని పక్కన పెట్టుకుని దిగాల, దాన్ని పక్కన పెట్టుకుని ఎక్కాల. ఒక బిందె ఒక సాలుకు గూడా రాదు. అట్ల దినానికి అరవై బిందెలు. ఎనిమిది దినాలు మోసింది. తొమ్మిదో దినం నారప్ప మోటరు పెట్టె కాడ కూచోనుండి సూసినాడు. ఆయమ్మ కాలు జారి, ఇంజను మీద సెయ్యేసి నిలదొక్కుకునింది. సూసి ఒక్కసారిగా లేసి, గట్టు కాడికొచ్చి, సుంకమ్మా, దిగొద్దు, పైకి రా అని అరిసినాడంట. ఎప్పుడూ గొంతు లేపని మనిషి. ఆయమ్మ కింద నుంచే, ఏంటికి దిగకూడదు బావా, నా వంతు నీళ్లు నేను తోడుకుంటాండా, ఎండలో నాకు బాగం లేదు గదా అనింది.

ఆ మాటకు నారప్ప గట్టు మీద కూలబడినాడు. కూలబడి సెప్పేసినాడు. వంతు మార్చలేక కాదమ్మా, మారిస్తే ఏమైతాదో సూసినోన్ని నేను. ఆ పొద్దు వంతు నాది కాదు. వాడు తన వంతు నాకిచ్చినాడు. నారు ఎండుతాందని ఇచ్చినాడు. నా కండ్లు కనపడవని వాడు దిగినాడు. వంతు మారింది, బాయి మనిషిని తినింది. నీకు ఎట్ల సెప్పాలో తెలీక, ఏడాదిన్నర నుంచి సెప్పల్యా. ఇంగ యా వంతూ మారకూడదు, ఇంకెవుర్నీ బాయి తినకూడదు అని కూచోనుండా. నీ తోట ఎండుతాందని నాకు కనపడదా? ఆ మాత్రం కండ్లు ఉండాయి నాకు. ఇదంతా నారప్ప ఏడ్సుకుంట సెప్పినాడంట. నడిపోడు తన మడి కాడి నుంచి ఇంటాన్నాడు. వానికీ అప్పుడే తెలిసింది.

సుంకమ్మ ఇరవయ్యో మెట్టు కాడ నిలబడిపోయింది, సంకన బిందెతో. నారప్పకు బయమేసి, ఏమన్నా అనమ్మా, తిట్టన్నా తిట్టు అన్నాడు. అప్పుడు ఆయమ్మ నిదానంగా పైకెక్కి వచ్చి, బిందె దించి, ఏమనిందంటే, ఆయన్ను వంతు సంపలేదు బావా. పొగ సంపింది. ఆ పొగ ఇప్పుడు లేదు. లేకుండా సేసుకున్నాము గదా, నా సేనులో పలకలు నిలబెట్టి. మల్ల దేన్ని సూసి బయపడతాండావు నువ్వు? అని, మల్ల, ఆయన నీకిచ్చింది వంతు. ఎవురి మడికన్నా ఇస్తాడు ఆయన, ఆ గుణం నాకు తెలీదా. దానికి నాకు కోపం లేదు. కానీ మర్సటి దినం పొద్దు మునిగే లోపల బదులియ్యాల గదా బావా? ఏడాదిన్నరాయె. ఆయన బదులు వంతు నీ తావనే ఉండిపాయె అనింది.

అంతే. ఆ మాటకు నారప్ప లేసి ఇంటికి పోయినాడు. అందరూ కోపమొచ్చి పోయినాడనుకున్నారు. పోయి, అటక మీద నుంచి ఆ మేకతోలు సంచి తెచ్చినాడు. ఆ దినానికి తన కాలవ కట్టేసి, మడవ సుంకమ్మ తోటకు తిప్పి, ఇది మా తమ్ముని బదులు అన్నాడు. పన్నెండు దాకా పారింది తోటకు. సుంకమ్మ గెనిం మీద కూచుని, ఏడాదిన్నర కిందట ఏడవాల్సిందంతా అప్పుడు ఏడ్సింది. ఎవురూ ఊరుకోబెట్టల్యా. ఊరుకోబెట్టకూడదు అట్లాంటప్పుడు.

మర్సటి దినం నారప్ప బాయి కాడి తొట్టి పక్కన కూచున్నాడు. మోటరు నీళ్లు ఆ తొట్టిలో పడి, ఆడ నుంచి కాలవలకు పోతాయి. తొట్టి నిండినప్పుడల్లా ఒక గులకరాయి గట్టు మీద పెట్టుకుంట వచ్చినాడు. ఎవురి వంతులో పడిన రాళ్లు వాళ్ల కుప్ప. పన్నెండుకు తన కుప్పలో ఎనిమిది రాళ్లు. నాలుగుకు నడిపోని కుప్పలో పదకొండు. పొద్దు మునిగేతలికి సుంకమ్మ కుప్పలో రెండు. మూడు కుప్పలూ పక్కపక్కన పెట్టి, నడిపోన్ని పిలిసినాడు. నడిపోడు వచ్చి, నాయన గంటల మాట సెప్పినాడు గదన్నా, కర్పూరం ముట్టినాము గదా అని మొదలు పెట్టినాడు. అప్పుడు నారప్ప, నాయన గంటలు పంచిచ్చినాడా, నీళ్లు పంచిచ్చినాడా, ఆ రాళ్లు సూసి సెప్పరా అన్నాడు. వాడు రాళ్లు సూసినాడు. పదకొండు ఒకపక్క, రెండు ఒకపక్క. ఆ రెండు రాళ్ల పక్కన, మొగుని పోగొట్టుకున్న మనిషి కూచోనుండాది. వాడు తన కుప్పలో నుంచి నాలుగు రాళ్లు తీసి అటు పెట్టినాడు. నారప్ప ఒకటి పెట్టినాడు. ఏడు, ఏడు, ఏడు. అంత మాత్రం లెక్కకు ఎన్ని దినాల ఎండ పోగొట్టుకున్నారో సూడు.

ఇప్పుడు ఆ బాయి కాడ గడియారం లేదు. రాళ్లే. ఏడు రాళ్లు పడితే మడవ తిప్పేయాల. ఒక దినం సుంకమ్మ మొదాట కట్టుకుంటాది, ఒక దినం నారప్ప, ఒక దినం నడిపోడు. కనకాంబరాలు మల్ల సిగురేసినాయి, ఒక మూల మాత్రం ఎండినవి ఎండినట్లే పాయె. పెద్దపిల్ల టీచరు సదువు సదువుతాంది. ఇంజను ఆడనే ఉండాది అరుగు మీద. తీసేద్దామంటే సుంకమ్మ వద్దనింది, ఉండనీ, సూసినోళ్లకు తెలియాల అని.

ఇదీ కత. తిప్పక్క నవ్వేది ఆపేసింది సూసినావా నాయనా? వీళ్లందరికీ తెలుసు, నీకే తెలీదు. రాసుకో. ఆ నడిపోని పేరు ఎర్రిస్వామి. అంటే నేనే. మిట్టమద్యాన్నం వంతు నాదే, దావ మీదికి పారిన నీళ్లు నావే, గట్టు మీద నిలబడిపోయిన కాళ్లు ఇవే. అన్నేమో బయపడి వంతు పట్టుకున్నాడు, నేను అన్నను పట్టుకున్నాను. సోలారు వచ్చింది, పొగ పోయింది, శానా మంచిదే, ఎవురు కాదన్నారు? కానీ పంచేటప్పుడు మనమే గదా ఉండేది. మోడం పట్టి ఎండ రాని దినం ఎవురి రాయీ పడదు. ఆ పొద్దు ముగ్గురమూ బాయి గట్టు మీద ఊరికే కూచుంటాము, మోడం సూసుకుంట. ఆయమ్మ అన్నతో మాట్లాడతాది, నాతో మాట్లాడదు. అడిగే మగమూ లేదు నాకు. అయినా ఒకోసారి, వక్కాకు నమిలినంక, ఆ వక్కాకు సంచి గట్టు మీదనే నా దిక్కు రవ్వంత జరుపుతాది. తీసుకుంటా నేను.